మెనూను చేత్తో పరీక్షించేటప్పుడు ఏ పద్ధతిని, ఏ పరికరాన్ని ఎంచుకోవాలి?

కొత్తగా చేరిన టెస్టరుకు ఒక వెబ్‌సైటు మెనూను అప్పగిస్తే, ఒక్కొక్క లింకునూ నొక్కి, సరైన పేజీ తెరుచుకుందో లేదో చూసి, ఎక్సెల్ షీటులో ‘పాస్’ అని రాసుకుంటూ పోవడం సహజం. నేనూ అలాగే మొదలుపెట్టాను. కొన్నేళ్ల కిందట ఒక దుస్తుల దుకాణపు సైటు మెనూను పరీక్షించే పని నాకు వచ్చింది. ఎడమ పక్కన నిలువుగా ఏడు విభాగాలు, ఒక్కొక్కదాని పక్కన తెరుచుకునే ఆరేసి ఉప అంశాలు, మొత్తం 49 లింకులు. అన్నిటినీ నొక్కి చూశాను, అన్నీ పాసయ్యాయి. సైటు విడుదలైన రెండో రోజునే ఫిర్యాదు వచ్చింది. ‘చీరలు’ మీద కర్సర్ పెడితే పక్కన గద్వాల, వెంకటగిరి, పోచంపల్లి అంటూ జాబితా తెరుచుకుంటోంది గానీ, పోచంపల్లి మీదికి చేరేలోపే అది మాయమై, దాని చోట కుర్తీల జాబితా వచ్చి కూర్చుంటోంది.

కారణం తెలిశాక సిగ్గనిపించింది. నేను కర్సర్‌ను గీత గీసినట్టు ముందు కుడికి జరిపి, ఆ తర్వాత కిందికి దించాను. కొనడానికి వచ్చినవారు అలా చేయరు, ఐమూలగా లాగేస్తారు. ఆ దారిలో కర్సర్ ‘కుర్తీలు’ మీదుగా ఒక్క క్షణం వెళ్తుంది, మెనూ తారుమారు కావడానికి ఆ క్షణం చాలు. అమెజాన్ సైటులోని మెనూలో ఈ చిక్కు ఎందుకు లేదో బెన్ కామెన్స్ అనే ప్రోగ్రామరు 2013లో విడమరిచి చెప్పారు. కర్సర్ ఉన్నచోటు నుంచి ఉపమెనూ పై మూలకు, కింది మూలకు రెండు ఊహారేఖలు గీస్తే ఏర్పడే త్రిభుజంలో కర్సర్ కదులుతున్నంతసేపూ, మధ్యలో ఏ విభాగం మీదుగా వెళ్లినా తెరిచిన జాబితాను మార్చకుండా ఉంచడమే అందులోని కిటుకు.

అందుకే పద్ధతిని ఎంచుకునే ముందు ఒక మాట స్పష్టం చేసుకోవాలి. మెనూలో మనిషి పరీక్షించాల్సింది గమ్యాన్ని కాదు, ప్రయాణాన్ని. తెరుచుకోవడం, తెరిచి ఉండగా లోపలికి వెళ్లగలగడం, అక్కర్లేనప్పుడు మూసుకోవడం అనే మూడు కదలికల్లోనే నిజమైన లోపాలు దాక్కుంటాయి. లింకు నొక్కితే 404, అంటే ‘పేజీ దొరకలేదు’ అనే సందేశం, వస్తుందా అన్నది లింకులను తనంతట తానే తెరిచి చూసే ఏ లింక్ చెకర్ ప్రోగ్రామైనా నిమిషాల్లో తేల్చేస్తుంది, ఆ పనికి మనిషి చేతిని వాడటం దుబారా. లెక్క వేసి చూడండి: 49 లింకులను మూడు తెర వెడల్పుల్లో, మౌస్, కీబోర్డు, వేలు అనే మూడు మార్గాల్లో, నాలుగు బ్రౌజర్లలో చూడాలంటే 1,764 పరీక్షలు అవుతాయి. ఒక్కొక్కదానికి 20 సెకన్లే పట్టిందనుకున్నా దాదాపు పది గంటలు ఆగకుండా నొక్కుతూ కూర్చోవాలి. ఇంత చేసినా ఐమూల లోపం దొరకదు, ఎందుకంటే 1,764 సార్లూ కర్సర్‌ను నడిపేది అదే జాగ్రత్తపరుడైన టెస్టరు.

రాసిపెట్టిన టెస్ట్ కేసులా, చెక్‌లిస్టా, స్వేచ్ఛగా వెతకడమా?

చేత్తో పరీక్షించే పద్ధతుల్లో ప్రధానంగా మూడు మన ముందుంటాయి. మొదటిది అడుగడుగునా రాసిపెట్టిన టెస్ట్ కేసులు. వీటి బలం ఏమిటంటే, ఎవరు చేసినా ఒకే పని జరుగుతుంది, క్లయింటుకు సాక్ష్యంగా చూపవచ్చు, కొత్తవారికి అప్పగించవచ్చు. బలహీనత కూడా అక్కడే ఉంది: మెనూలు తరచూ మారుతాయి, పండగ అమ్మకాలకు ఒక విభాగం చేర్చి, తర్వాత తీసేస్తారు, ఆ మార్పు జరిగిన ప్రతిసారీ కేసులను తిరగరాయాల్సి వస్తుంది. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖల వంటి చోట, అంటే ఆడిటు కోసం కాగితం మిగలాల్సిన చోట, ఈ పద్ధతి తప్పదు. అలాంటి చోట కూడా లింకుకొక కేసు రాయకుండా, ప్రవర్తనకొక కేసు రాయమనే నా సలహా. ‘చీరలు లింకు పనిచేస్తుందా’ అని ఏడు విభాగాలకు ఏడు కేసులు రాయడం కన్నా, ‘ఉపమెనూ తెరిచి ఉండగా ఎస్కేప్ నొక్కితే అది మూసుకుని, ఫోకస్ (కీబోర్డు నొక్కుళ్లను అందుకునే చోటు) దాన్ని తెరిచిన బటను మీదికి తిరిగి వస్తుందా’ అన్న ఒక్క కేసు ఎక్కువ పని చేస్తుంది, విభాగాల పేర్లు మారినా చెక్కుచెదరదు.

రెండోది చెక్‌లిస్టు. ఇందులో ఏమి చూడాలో ఉంటుంది గానీ ఎలా చూడాలో ఉండదు. అనుభవం ఉన్నవారి చేతిలో ఇదే అన్నిటికన్నా చవకైన, మన్నికైన పనిముట్టు. ప్రతి రిలీజుకూ అదే సైటును చూసే చిన్న జట్టుకు పదిహేను ఇరవై అంశాల చెక్‌లిస్టు సరిపోతుంది. కొత్తవారి చేతికిస్తే మాత్రం, నాకు జరిగినట్టే, ప్రతి అంశం పక్కనా టిక్కు పడుతుంది, లోపం మిగిలిపోతుంది.

మూడోది స్వేచ్ఛగా వెతికే ఎక్స్‌ప్లోరేటరీ పరీక్ష. ‘స్వేచ్ఛగా’ అనగానే కొందరు మేనేజర్లకు ఇది బాధ్యత లేని పనిలా కనిపిస్తుంది. ఆ అనుమానానికి జవాబుగానే జేమ్స్ బాక్, జోనాథన్ బాక్ సోదరులు 2000 ప్రాంతంలో సెషన్ ఆధారిత పద్ధతిని రూపొందించారు. ఏ అంశాన్ని వెతకాలో ఒకటి రెండు వాక్యాల ఛార్టరు ముందుగా రాసుకోవాలి, నిర్ణీత సమయం పాటు మరో పని పెట్టుకోకూడదు, ఏమి చూశామో నోట్సులో రాయాలి. మెనూకు 45 నిమిషాల సెషను చాలు. ‘తొందరలో ఉన్న కొనుగోలుదారులా కర్సర్‌ను అడ్డదిడ్డంగా నడిపి, ఉపమెనూ ఎక్కడ చేజారుతుందో కనుక్కోవడం’ అన్నది మంచి ఛార్టరు. ‘మెనూను పరీక్షించడం’ అన్నది ఛార్టరే కాదు.

ఎంపిక విషయంలో నా మాట ఇది: మెనూ కొత్తగా కట్టినదైనా, డిజైను మారినా ముందు రెండు ఎక్స్‌ప్లోరేటరీ సెషన్లు చేయండి, వాటిలో దొరికిన లోపాలతోనే చెక్‌లిస్టు తయారు చేసుకోండి, ఆడిటు అవసరం ఉంటేనే ఆ చెక్‌లిస్టును టెస్ట్ కేసులుగా విస్తరించండి. చాలా జట్లు ఈ వరుసను తలకిందులుగా పాటిస్తాయి. డిజైను పత్రం చూసి ముందే కేసులు రాసేసి, సమయం మిగిలితే వెతుకుతామంటాయి, ఆ సమయం మిగలగా నేను చూడలేదు.

కలయికల సంఖ్యను తగ్గించే విషయం ఒకటుంది. మూడు వెడల్పులు, మూడు మార్గాలు, నాలుగు బ్రౌజర్లు కలిస్తే 36 కలయికలు అవుతాయి. ఏ రెండు అంశాల జత అయినా కనీసం ఒక్కసారి ఎదురయ్యేలా కూర్చుకుంటే 12తో సరిపోతుంది. దీన్ని పెయిర్‌వైజ్ అంటారు, మైక్రోసాఫ్ట్ వారి పిక్ట్ అనే ఉచిత పనిముట్టు ఆ జాబితాను తయారు చేసి ఇస్తుంది.

మౌస్, కీబోర్డు, వేలు: దేనితో మొదలుపెట్టాలి?

సమయం తక్కువగా ఉంటే కీబోర్డుతో మొదలుపెట్టండి. ఇది చూపులేనివారి కోసం చివర్లో చేసే పరీక్ష అన్న అపోహ మన దగ్గర గట్టిగా ఉంది. నిజానికి మెనూ లోపలి కట్టుబడి ఎంత శుభ్రంగా ఉందో పది నిమిషాల్లో బయటపెట్టేది కీబోర్డే. పేజీ తెరిచి, మౌస్‌ను పక్కకు నెట్టి, ట్యాబ్ నొక్కుతూ వెళ్లండి. తరచూ కనిపించే దృశ్యం ఒకటి చెబుతాను. మొదటి విభాగం చుట్టూ ఫోకస్ గీత కనిపిస్తుంది. మళ్లీ ట్యాబ్ నొక్కగానే గీత మాయమవుతుంది. మరో ఐదుసార్లు నొక్కినా తెర మీద ఏమీ కదలదు. ఏడోసారి నొక్కినప్పుడు హఠాత్తుగా రెండో విభాగం మీద గీత ప్రత్యక్షమవుతుంది. మధ్యలో ఫోకస్ ఎక్కడికి వెళ్లింది? మూసి ఉన్న ఉపమెనూలోని ఆరు లింకుల మీదికే వెళ్లింది. డెవలపరు దాన్ని తీసేయకుండా పారదర్శకంగా మాత్రమే చేశారు కాబట్టి అది కంటికి కనబడదు, కీబోర్డుకు మాత్రం అక్కడే ఉంటుంది. క్రోమ్‌లో డెవలపర్ల కోసం ఉండే డెవ్‌టూల్స్ కన్సోల్‌లో, ఫోకస్ ఏ అంశం మీద ఉందో చెప్పే డాక్యుమెంట్ డాట్ యాక్టివ్ ఎలిమెంట్‌ను లైవ్ ఎక్స్‌ప్రెషన్‌గా, అంటే ఎప్పటికప్పుడు మారే విలువగా, పెట్టుకుంటే ఆ కనబడని నడక అంతా అక్కడ అడుగడుగునా తెలుస్తుంది.

మ్యాక్ వాడేవారికి ఒక హెచ్చరిక. సఫారీలో సాధారణంగా ట్యాబ్ కీ లింకుల మీద ఆగదు. దాని సెట్టింగుల్లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో ఆ ఎంపికను ఆన్ చేయాలి, లేదా ఆప్షన్ కీతో కలిపి నొక్కాలి. ఇది తెలియక దాఖలైన తప్పుడు బగ్గులను నేను చాలాసార్లు మూసేశాను.

కీబోర్డు తర్వాత మౌస్. ఇక్కడ మెనూ కర్సర్ పెడితే తెరుచుకునే రకమా, క్లిక్ చేస్తే తెరుచుకునే రకమా అన్నదాన్ని బట్టి మీ సమయాన్ని పంచుకోవాలి. క్లిక్‌తో తెరుచుకునేదైతే మౌస్ పరీక్షకు పది నిమిషాలు చాలు. బయట క్లిక్ చేస్తే మూసుకుంటుందా, రెండో విభాగాన్ని తెరిస్తే మొదటిది మూసుకుంటుందా అన్నవి చూసి ముందుకు సాగవచ్చు. కర్సర్‌తో తెరుచుకునేదైతే అరగంట కేటాయించండి. ఐమూల కదలికతో పాటు, విభాగానికీ ఉపమెనూకూ మధ్య నాలుగైదు పిక్సెళ్ల సందు ఉందేమో చూడాలి. కర్సర్‌ను చాలా నెమ్మదిగా దించితే ఆ సందులో పడగానే మెనూ మూసుకుపోతుంది, వేగంగా దించితే దాటిపోతుంది. టెస్టర్లు వేగంగా కదిలిస్తారు, వయసు మీద పడినవారూ, చేతులు వణికేవారూ నెమ్మదిగా కదిలిస్తారు. వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీలో 2018 నాటి 2.1 సంచిక ఈ రకం మెనూలకు మూడు షరతులు పెట్టింది: కర్సర్‌ను కదపకుండానే మూయగలగాలి, తెరుచుకున్నదాని మీదికి కర్సర్‌ను తీసుకెళ్లగలగాలి, వాడేవారు వదిలేదాకా అది తనంతట తాను మాయం కాకూడదు. ఈ మూడూ మూడు సిద్ధమైన టెస్ట్ కేసులే.

వేలితో పరీక్షించడం వేరే లోకం. వేలికి ‘పైన ఉండటం’ అన్న స్థితే లేదు కాబట్టి, కర్సర్‌తో తెరుచుకునే మెనూ ఫోనులో ఏమవుతుందన్నది బ్రౌజర్ దయ. ఐఫోనులో మొదటిసారి తాకితే ఉపమెనూ తెరుచుకుని, రెండోసారి తాకితే లింకు పనిచేసే సందర్భాలుంటాయి. అదే మెనూను ఆండ్రాయిడ్ క్రోమ్‌లో తాకితే ఉపమెనూను చూసే అవకాశమే ఇవ్వకుండా నేరుగా విభాగపు పేజీకి వెళ్లిపోవచ్చు. తాకే చోటు ఎంత పెద్దదిగా ఉండాలన్నదానికి 2023 అక్టోబరులో వచ్చిన 2.2 సంచిక కనీసం 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు అని, కొన్ని మినహాయింపులతో, హద్దు పెట్టింది. అంతకన్నా కఠినమైన స్థాయికి 44 పిక్సెళ్లు. విభాగం పేరును తాకితే పేజీ, దాని పక్కనున్న చిన్న బాణాన్ని తాకితే ఉపమెనూ తెరుచుకునే అమరికలో ఈ కొలత ముఖ్యం, బాణం ఇరుకుగా ఉంటే సగం తాకుళ్లు పేరు మీదే పడతాయి.

ఎమ్యులేషనా, అసలు ఫోనా, అద్దె ఫోనా?

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కితే వచ్చే ఫోను చట్రం, అంటే ఎమ్యులేషన్, అందరికీ తెలిసినదే. అది ఉచితం, చిటికెలో వస్తుంది, వెడల్పును ఒక్కొక్క పిక్సెల్ చొప్పున మార్చుకోవచ్చు. పెద్ద మెనూ మూడు గీతల మెనూగా మారే హద్దు 768 పిక్సెళ్లైతే 767, 768, 769 దగ్గర ఆగి చూడటానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. ఆ ఒక్క పిక్సెల్ దగ్గర రెండు మెనూలూ ఒకేసారి కనబడటమో, రెండూ కనబడకపోవడమో అరుదేమీ కాదు. అయితే అక్కడ ఐఫోను పేరు ఎంచుకున్నంత మాత్రాన అది ఐఫోను అయిపోదు. మారేది తెర కొలత, స్పర్శ, బ్రౌజర్ తన గురించి చెప్పుకునే పేరు మాత్రమే, లోపల నడిచేది క్రోమ్ ఇంజనే. ఇక మన దేశంలో అమ్మే ఐఫోన్లలో క్రోమ్ వేసుకున్నా లోపల పనిచేసేది సఫారీ ఇంజనైన వెబ్‌కిట్ కాబట్టి, ‘ఐఫోను క్రోమ్‌లో చూశాం, ఆండ్రాయిడ్ అక్కర్లేదు’ అన్న మాట కూడా చెల్లదు.

అసలు ఫోను తప్ప మరేదీ పట్టుకోలేని లోపాలు కొన్నున్నాయి. వాటిలో నాకు ఎక్కువసార్లు ఎదురైంది చివరి అంశం కనబడకపోవడం. పక్క నుంచి జారుకుంటూ వచ్చే మెనూ ఎత్తును తెర ఎత్తంతగా రాస్తారు. ఐఫోను సఫారీ ఆ ఎత్తును లెక్కించేటప్పుడు చిరునామా, బటన్లు ఉండే తన పట్టీలు ముడుచుకుని ఉన్నట్టు భావిస్తుంది, నిజంగా తెరిచినప్పుడు పట్టీ అడుగున నిలబడి ఉంటుంది. ఫలితంగా జాబితా అడుగున ఉండే ‘లాగ్ అవుట్’ పట్టీ కింద నలిగిపోతుంది. డెవ్‌టూల్స్ చట్రంలో ఆ పట్టీయే ఉండదు కాబట్టి లోపమూ ఉండదు. మరొకటి, మెనూ తెరిచి ఉండగా వేలితో జరిపితే మెనూ బదులు దాని వెనకున్న పేజీ జరగడం. ఇంకొకటి, ఆండ్రాయిడ్‌లో అలవాటుగా వెనక్కి సైగ చేస్తే మెనూ మూసుకోకుండా పాత పేజీకి వెళ్లిపోవడం. మెనూ తెరిచి ఉండగా ఫోనును అడ్డంగా తిప్పి, మూసి, మళ్లీ నిలువుగా తిప్పండి. పేజీ మొత్తం జరగకుండా బిగుసుకుపోతే, మెనూ మూసినా పేజీని కదలకుండా పట్టి ఉంచే కోడు ఇంకా మిగిలి ఉందన్నమాట.

బ్రౌజర్‌స్టాక్ వంటి అద్దె సేవలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఎక్కడో ఉన్న అసలు ఫోనును మన తెర మీద నడుపుతాం కాబట్టి, మన దగ్గర లేని మోడళ్లలో మెనూ ఎలా కనిపిస్తుందో చూడటానికి అవి భేషుగ్గా పనికొస్తాయి. వేళతో ముడిపడిన లోపాలను మాత్రం వాటిలో తేల్చకండి. నొక్కడానికీ, స్పందన కనబడటానికీ మధ్య నెట్టు ఆలస్యం చేరుతుంది, మెనూ నెమ్మదిగా ఉందా, లైను నెమ్మదిగా ఉందా అన్నది చెప్పలేం. చిన్న జట్టుకు డబ్బు ఒక్కచోటే పెట్టే వీలుంటే, అద్దె చందా కన్నా ముందు ఒక తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోను, ఒక పాత ఐఫోను కొనమంటాను.

డెస్క్‌టాప్‌లో మరచిపోయే వెడల్పు ఒకటుంది. 1366 పిక్సెళ్ల ల్యాప్‌టాప్‌లో విండోస్ స్కేలింగ్ 125 శాతం పెట్టుకుంటే బ్రౌజరుకు మిగిలేది సుమారు 1092 పిక్సెళ్లే. డిజైనరు పెద్ద మానిటరు మీద తీర్చిన ఒంటి వరుస మెనూ అక్కడ రెండు వరుసలై, రెండో వరుస బ్యానరు మీద పడుతుంది. 1280 పిక్సెళ్ల వెడల్పులో 400 శాతం జూమ్ చేస్తే 320 పిక్సెళ్లు మిగులుతాయి, పక్కకు జరపకుండానే చదవగలగాలనే డబ్ల్యూసీఏజీ రీఫ్లో నియమం చూడమనేది అదే వెడల్పులో.

తెలుగు పేర్లున్న మెనూలు

ఆంగ్లంలో పరీక్షించి, తెలుగుకు మార్చి ఒకసారి చూసి వదిలేయడం సరిపోదు. తెలుగు అక్షరానికి కిందా పైనా చోటు కావాలి. ‘స్త్రీలు’, ‘రాష్ట్రం’ అన్న పేర్లున్న వరుసకు ఎత్తును బిగించి, మిగిలింది దాచమని రాస్తే ఒత్తులు అడుగున తెగిపోతాయి, ‘స్త్రీ’ కాస్తా ‘సీ’ లా కనబడుతుంది. ‘కాంటాక్ట్’ ఉన్నచోట ‘సంప్రదించండి’ రాగానే వరుస విరిగిపోతుంది. పైగా సైటు తన ఫాంటును పంపకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్ పరికరాల్లో కోహినూర్ వంటి వేర్వేరు ఫాంట్లు ఆ చోటును నింపుతాయి, వాటి వెడల్పులు ఒకటి కావు. కాబట్టి తెలుగు మెనూ విషయంలో బ్రౌజర్లను తగ్గించుకున్నా ఆపరేటింగ్ సిస్టమ్‌లను తగ్గించుకోకండి. విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోను మూడింటిలోనూ చూడాలి. పరీక్షకు ఒత్తుల మీద ఒత్తులున్న పొడవైన పేరును మీరే ఒకటి డెవ్‌టూల్స్‌లో మార్చి పెట్టుకోండి, అసలు పేర్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

స్క్రీన్ రీడర్లలో ఏది?

స్క్రీన్ రీడరు అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే పనిముట్టు. ఒక్కటే ఎంచుకోగలిగితే విండోస్‌లో ఎన్‌వీడీఏ. ఉచితం, తెలుగును కూడా చదువుతుంది. ఫోనుల్లోనే ఎక్కువమంది వాడే సైటైతే ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్‌ను ముందుంచండి. వినాల్సింది ప్రధానంగా రెండు. బటను దగ్గర ‘మూసి ఉంది’, ‘తెరిచి ఉంది’ అన్న స్థితిని చెబుతోందా, తెరిచాక ఆ మాట మారుతోందా అన్నది మొదటిది. మామూలు సైటు మెనూను డెవలపరు కోడులో అప్లికేషను మెనూగా (వర్డ్ వంటి ప్రోగ్రాముల్లో ఉండేలాంటిదిగా) ప్రకటించారా అన్నది రెండోది. అలా ప్రకటిస్తే బాణపు కీలతో కదలవచ్చని స్క్రీన్ రీడరు వాడేవారు ఆశిస్తారు, ఆ కీలను పనిచేయించే కోడు లేకపోతే అక్కడే చిక్కుకుంటారు. తెలుగు పేర్లను సరిగా పలకకపోతే పేజీ భాషను తెలుగుగా ప్రకటించారో లేదో చూడండి.

మీ పరిస్థితికి ఏది?

ఐదారు పేజీల చిన్న సంస్థ సైటు, గంట సమయం ఉందనుకోండి: లింక్ చెకర్ నడిచేలోపు కీబోర్డుతో పది నిమిషాలు, మౌస్‌తో పది, హద్దు వెడల్పుల దగ్గర పది, మిగిలిన అరగంట రెండు అసలు ఫోనుల మీద. టెస్ట్ కేసులు రాయకండి. వందల విభాగాలున్న దుకాణమైతే, ఉపమెనూ నమూనాలు ఎన్ని రకాలున్నాయో ముందు లెక్కించి, రకానికొక విభాగాన్ని ఎంచుకుని, సెషన్లు చేసి, కలయికలను పెయిర్‌వైజ్‌తో తగ్గించండి, మిగతా విభాగాలను యంత్రానికి వదలండి. ప్రభుత్వ సైటైతే దేశంలోని ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు, అంటే జీఐజీడబ్ల్యూ, వర్తిస్తాయి కాబట్టి కీబోర్డు, స్క్రీన్ రీడరు పరీక్షలను రాసిపెట్టిన కేసులుగానే ఉంచి, ఫలితాలను భద్రపరచండి.

ఏ దారిలో వెళ్లినా దొరికిన లోపాన్ని డెవలపరు తన దగ్గర మళ్లీ చూడగలిగేలా రాయాలి. ‘సబ్‌మెనూ సరిగా పనిచేయడం లేదు’ అని రాస్తే ‘నా మెషీన్‌లో పనిచేస్తోంది’ అనే జవాబు వస్తుంది. ఆనాటి చీరల బగ్గును ఇప్పుడైతే ఇలా రాస్తాను: ‘విండోస్, క్రోమ్, వెడల్పు 1366, మౌస్. చీరలు మీద కర్సర్ పెట్టాక, పక్కన తెరుచుకున్న జాబితాలోని చివరి అంశం వైపు ఐమూలగా మామూలు వేగంతో లాగితే, దారిలో కర్సర్ కుర్తీలు మీదుగా వెళ్లి చీరల జాబితా మూసుకుంటోంది. పదిసార్లు ప్రయత్నిస్తే ఎనిమిదిసార్లు జరిగింది. ముందు కుడికి, తర్వాత కిందికి జరిపితే జరగడం లేదు.’